పాత వర్డ్‌కి కొత్త సబ్‌స్క్రిప్షన్ చెల్లుతుందా?

మన్సూరాబాద్‌లో ఏ కాలనీలోకి వెళ్లినా రెండు బోర్డులు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి ‘టూలెట్’. రెండోది ‘జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ సర్వీసెస్’. ఎల్బీ నగర్ కోర్టులో వేసే పిటిషన్ల దగ్గర్నుంచి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల ప్రశ్నపత్రాల దాకా టైప్ అయ్యేది ఈ రెండో బోర్డు కిందే. ఆ షాపుల్లో ఇప్పుడు ఓ కొత్త తలనొప్పి మొదలైంది. విచిత్రమేంటంటే, దాని జవాబు మొదటి బోర్డులో ఉంది.

మా వీధి చివర ఒక డీటీపీ షాపు ఉంది. దాన్ని నడిపే అన్న ఏళ్ల తరబడి లెక్కలు, ఫిజిక్స్ పేపర్లు టైప్ చేస్తున్నాడు. పాత కంప్యూటర్‌లో ఆఫీస్ 2010. డబ్బా, సీడీ, ప్రొడక్ట్ కీ కాగితం ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఈమధ్య కొత్త ల్యాప్‌టాప్ కొని మైక్రోసాఫ్ట్ 365కి ఏడాది డబ్బులు కట్టాడు. పాత ఫైళ్లు అందులో తెరిచి చూశాక నన్ను పిలిచాడు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తే కాలనీలో ప్రింటర్ రిపేర్ దగ్గర్నుంచి అన్నిటికీ మనమే డాక్టర్లం కదా!

“తమ్మీ, కొత్తదానికి ఏడాది పైసలు కట్టిన. అవే పైసలల్ల పాత వర్డ్ కూడా ఈ ల్యాప్‌టాప్‌ల ఏసుకుంటే తప్పా? పెద్దది కొన్నోనికి చిన్నది ఫ్రీ ఉండాలె కదా!”

న్యాయమైన ప్రశ్నే. లాజిక్ కూడా బాగానే ఉంది. కానీ లైసెన్స్ కాగితం లాజిక్‌తో నడవదు, రాసిన షరతులతో నడుస్తుంది. అన్న కోసం ఆ షరతులన్నీ తిరగేశాను. మీ ఇంట్లోనో, నాన్నగారి షాపులోనో ఇదే పరిస్థితి ఉండొచ్చు కాబట్టి అందరికీ చెప్తున్నా.

సొంతిల్లా, అద్దిల్లా?

ఒకప్పుడు ఆఫీస్ అంటే డబ్బా. ఆఫీస్ 2003, 2007, 2010... ఒకసారి కొంటే ఆ వెర్షన్ మీది. కొత్త ఫీచర్లు రావు గానీ, ఉన్నది ఎవరూ లాక్కోరు. దీన్ని పర్పెచ్యువల్ లైసెన్స్ అంటారు. మన భాషలో చెప్పాలంటే సొంతిల్లు. పాతబడొచ్చు, గోడలు ఊడొచ్చు, కానీ నెలనెలా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు.

2011 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 365 తెచ్చింది. 2013 జనవరిలో ఇళ్లలో వాడేవాళ్లకీ ఆ పద్ధతి వచ్చింది. 2014 ఫిబ్రవరిలో మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సీఈవో అయ్యాక కంపెనీ మొత్తం క్లౌడ్, సబ్‌స్క్రిప్షన్ దారిలో ఇంకా వేగంగా వెళ్లింది. 2020 ఏప్రిల్‌లో ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడే ప్లాన్ల పేరు మైక్రోసాఫ్ట్ 365గా మారింది. ఇది అద్దిల్లు. ఓనర్ ఎప్పటికప్పుడు రంగులేయిస్తాడు, లిఫ్ట్ పెట్టిస్తాడు. కానీ అద్దె ఆపితే తాళం మారుతుంది.

ఇక్కడ తాళం మారడం అంటే ఫైళ్లు పోవడం కాదు. సబ్‌స్క్రిప్షన్ ముగిసి గడువు దాటితే వర్డ్, ఎక్సెల్ చూడ్డానికి, ప్రింట్ తీయడానికి మాత్రమే పనికొస్తాయి. కొత్త ఫైల్ చేయలేరు, పాతది దిద్దలేరు. ఇంకో సంగతి. డబ్బులు కట్టినా సరే, లైసెన్స్ ఉందో లేదో చూసుకోవడానికి ఆ సాఫ్ట్‌వేర్ అప్పుడప్పుడు ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వాల్సిందే. నెలకోసారైనా నెట్ తగిలేలా చూసుకోవడం మంచిది.

అసలు జవాబు

అన్న ప్రశ్నకి సూటి జవాబు: చెల్లదు. మైక్రోసాఫ్ట్ 365కి కట్టిన డబ్బులు ఆఫీస్ 2010కి లైసెన్స్ కావు. సబ్‌స్క్రిప్షన్ ఖాతాతో లాగిన్ అయితే ఆఫీస్ 2010 యాక్టివేట్ కాదు, దానికి దాని ప్రొడక్ట్ కీనే కావాలి. సబ్‌స్క్రిప్షన్ ఇచ్చేది ‘ఇప్పుడు నడుస్తున్న వెర్షన్’ వాడుకునే హక్కు. అద్దిల్లు తీసుకున్నోడు అదే ఓనర్‌కి ఉన్న పాత పెంకుటిల్లు కూడా నాదేనంటే ఒప్పుకుంటారా? ఇదీ అంతే.

మొదట్లో కొంచెం వెసులుబాటు ఉండేది. 2015 సెప్టెంబర్‌లో ఆఫీస్ 2016 వచ్చినప్పుడు, కంపెనీలు వాడే ఆఫీస్ 365 ప్రోప్లస్ చందాదారులు కొన్నాళ్లు 2013 వెర్షన్‌లోనే ఉండొచ్చన్నారు. ఆ గడువు 2017 ఫిబ్రవరి 28తో అయిపోయింది. మార్చి 1 నుంచి పోర్టల్‌లో 2013 వెర్షన్ ఇన్‌స్టాల్ చేసుకునే ఆప్షన్ తీసేశారు. ఇప్పుడు సబ్‌స్క్రిప్షన్ లోపల ‘పాతది’ అంటే అదే సాఫ్ట్‌వేర్‌లో కొన్ని వారాల, నెలల కిందటి అప్‌డేట్ మాత్రమే. కొత్త అప్‌డేట్ వచ్చాక ఏదైనా పాడైతే కమాండ్‌తో ముందటి బిల్డ్‌కి వెనక్కి వెళ్లొచ్చు. కంపెనీ ప్లాన్లలో అయితే ఫీచర్లు నెమ్మదిగా వచ్చే అప్‌డేట్ ఛానల్ ఎంచుకోవచ్చు. అంతకంటే వెనక్కి రివర్స్ గేర్ లేదు.

మరి పాత వెర్షన్ వాడుకునే హక్కు ఎవరికీ లేదా అంటే, ఉంది. దాన్ని డౌన్‌గ్రేడ్ రైట్ అంటారు. కంపెనీలు, కాలేజీలు వాల్యూమ్ లైసెన్సింగ్‌లో కొనే ఆఫీస్‌కి ఇది ఉంటుంది. ఆఫీస్ ఎల్‌టీఎస్‌సీ 2024 కొన్న కాలేజీ దాని బదులు ముందటి వెర్షన్ వేసుకోవచ్చు. అలాగే విండోస్ 11 ప్రో తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ప్రో వేసుకునే హక్కు ఉండేది, విండోస్ హోమ్‌కి లేదు. షాపులో దొరికే ఆఫీస్ డబ్బాకి గానీ, ల్యాప్‌టాప్‌తో వచ్చే ఆఫీస్‌కి గానీ ఆ హక్కు ఉండదు. అంటే ‘పెద్దది కొంటే చిన్నది ఫ్రీ’ అనే అన్న లాజిక్ తప్పేం కాదు. కాకపోతే అది టోకు బేరానికే వర్తిస్తుంది.

ఈ విషయంలో అడోబ్ ఇంకా గట్టిగా వెళ్లింది. 2013 మేలో క్రియేటివ్ సూట్ డబ్బాలు ఇక రావని, సీఎస్6 చివరిదని చెప్పేసింది. 2019 మేలో కొందరు చందాదారులకి మెయిల్స్ వచ్చాయి. మీరు వాడుతున్న పాత వెర్షన్లకి ఇక లైసెన్స్ లేదు, కొనసాగిస్తే థర్డ్ పార్టీల నుంచి క్లెయిమ్‌లు ఎదురుకావచ్చు అని వాటి సారాంశం. నెలనెలా డబ్బులు కడుతున్నవాళ్లకే ఆ మాట! చందాదారులకి చివరి రెండు ప్రధాన వెర్షన్లే డౌన్‌లోడ్‌కి ఉంచారు.

ఇంతకీ పాతదే ఎందుకు కావాలి?

బయటివాళ్లకి ఇది మొండితనంలా కనిపిస్తుంది. కొత్తది ఉండగా పాతది పట్టుకుని వేలాడటమేంటి అని. అన్న హార్డ్‌డిస్క్ చూస్తే అర్థమవుతుంది. అందులో వేల ప్రశ్నలున్నాయి. ఇంటర్, ఎంసెట్ లెక్కలు. ప్రతి సమీకరణం వర్డ్‌లో పాతకాలం నుంచి ఉన్న ఈక్వేషన్ ఎడిటర్ 3.0తో చేసినదే. కోచింగ్ సెంటర్ నుంచి ఫోన్ వస్తుంది: “ఆ ఇంటిగ్రేషన్ పేపర్‌లో అంకెలు మార్చి రాత్రికల్లా రెండో సెట్ పంపండి.” పాత మెషీన్‌లో ఇది గంట పని. కొత్త ల్యాప్‌టాప్‌లో సమీకరణం కనిపిస్తుంది గానీ పాత పద్ధతిలో డబుల్ క్లిక్ చేసి దిద్దలేం. ఆ ఎడిటరే అందులో లేదు.

ఎందుకు లేదు? ఆ ఎడిటర్ 2000 సంవత్సరంలో తయారైన ప్రోగ్రామ్. 2017 నవంబర్‌లో దానిలో ఒక ప్రమాదకరమైన లోపం బయటపడింది. ఫైల్ తెరిస్తే చాలు, దాడి చేసేవాడి కోడ్ మన కంప్యూటర్‌లో నడిచేంత లోపం. మైక్రోసాఫ్ట్ ముందు దానికి మరమ్మతు చేసింది. ఇంకా లోపాలు బయటపడటంతో 2018 జనవరి అప్‌డేట్‌లో ఎడిటర్‌నే పీకేసింది. అన్న పాత మెషీన్‌లో అది ఇంకా బతికుందంటే కారణం ఒక్కటే. అప్‌డేట్లు అంతకుముందే ఆగిపోయాయి.

రెండో చిక్కు తెలుగు. మన డీటీపీ ప్రపంచం ఏళ్ల తరబడి అను ఫాంట్ల మీద, పేజ్‌మేకర్ మీద నడిచింది. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టి, ‘క’కి ఒకటి, గుడికి ఒకటి అతికిస్తాయి. అందుకే ఆ మేటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు, ఇంగ్లిష్ ముక్కలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991లోనే వచ్చింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ కూడా వచ్చింది. కానీ ప్రెస్సులు, ప్లేట్లు, పాత ఫైళ్లు, వేళ్లకి అలవాటైన కీబోర్డు... ఇవన్నీ అంత తొందరగా మారతాయా?

పేజ్‌మేకర్ కథ ఇంకా విచిత్రం. 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. 1994లో ఆల్డస్‌ని అడోబ్ కొనేసింది. చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ ఫైళ్లని ఇన్‌డిజైన్ సీఎస్6 వరకూ తెరిచేది. తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు తెరవవు. అంటే అడోబ్‌కి ఇవాళ ఎంత చందా కట్టినా, అడోబ్ సొంత సాఫ్ట్‌వేర్‌లో చేసిన పెళ్లిపత్రిక ఫైల్ నేరుగా తెరుచుకోదు!

పాత తాళం, కొత్త దొంగ

“అట్లయితే పాత మెషీన్ మీదనే కూసుంట, ఏమైతది?” అన్నాడు అన్న. ఇదీ ఆలోచించాల్సిన మాటే. ఆఫీస్ 2010కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 అక్టోబర్ 13తో, 2013కి 2023 ఏప్రిల్ 11తో ఆగిపోయాయి. ఆఫీస్ 2016, 2019లకి, విండోస్ 10 మామూలు సపోర్ట్‌కి 2025 అక్టోబర్ 14 ఆఖరి రోజు. ఆ తేదీ దాటితే సాఫ్ట్‌వేర్ ఆగదు. కొత్తగా బయటపడే కన్నాలు పూడ్చేవాళ్లు ఉండరు, అంతే.

కన్నాలు పూడ్చకపోతే ఏమవుతుందో మనం 2017 మేలో చూశాం. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా తిరుగుతూ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నిటిని కూడా పట్టేసింది. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దొరికిపోయారు. డీటీపీ షాపు అంటే రోజూ ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లో గుచ్చే చోటు. కోర్టు కాగితాలు, ఆధార్ జిరాక్సులు, పరీక్షకి ముందు రోజు ప్రశ్నపత్రం అన్నీ ఆ ఒక్క మెషీన్‌లోనే ఉంటాయి. అది లాక్ అయితే పోయేది అన్న ఒక్కడి పని కాదు.

ట్యాలీ పద్ధతి వేరు

సబ్‌స్క్రిప్షన్ అనగానే అన్నీ ఒకటే అనుకోకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో నేర్పించే ట్యాలీనే తీసుకోండి. మామూలుగా కొనే ట్యాలీ లైసెన్స్ శాశ్వతం. ఏడాదికోసారి కట్టే టీఎస్‌ఎస్ అప్‌డేట్లకి, ఆన్‌లైన్ సేవలకి. టీఎస్‌ఎస్ కట్టడం ఆపినా, అప్పటిదాకా మీకు హక్కున్న వెర్షన్‌లో పని సాగుతుంది. సొంతింట్లో ఉంటూ అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కట్టినట్టన్నమాట. నెలవారీ అద్దె లైసెన్స్ కూడా ఉంది, అది మాత్రం అచ్చంగా అద్దెనే.

అయితే ఇక్కడా ఒక జాగ్రత్త. ట్యాలీప్రైమ్ 3.0కి మారినప్పుడు డేటాని మైగ్రేట్ చేయాలి. చేశాక అదే డేటా పాత వెర్షన్‌లో తెరుచుకోదు. అందుకే ముందు బ్యాకప్. ఇక ప్రైవేట్ లిమిటెడ్ లాంటి కంపెనీలకి 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పూ రికార్డయ్యే ఆడిట్ ట్రయిల్ ఉన్న సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. వాళ్లు పాత వెర్షన్‌లోనే ఉంటామంటే లైసెన్స్ ఒప్పుకున్నా చట్టం ఒప్పుకోదు.

‘క్రాక్ వేసిస్తా’ అనేవాళ్లు

ఇలాంటి సందు దొరికితే చాలు, దూరేవాళ్లు ఉంటారు. అన్నకి కూడా ఒక కంప్యూటర్ రిపేర్ అతను పాత ఆఫీస్ క్రాక్ చేసి ఇస్తానన్నాడట. ‘సబ్‌స్క్రిప్షన్ ఉంది కదా, ఎవరూ అడగరు’ అని ధైర్యం కూడా చెప్పాడట. కాపీరైట్ చట్టం 1957లో 63బి సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాకపోతే జడ్జి గారు దయ తలచి జైలు తప్పించే వీలుంది. షాపుకి ఆ వీలు లేదు.

ఆన్‌లైన్‌లో రెండు మూడొందలకి ‘లైఫ్‌టైమ్ ఆఫీస్ కీ’ అమ్ముతారు కదా, అవీ నమ్మొద్దు. అవి చాలాసార్లు ఎక్కడో ఒక సంస్థకి ఇచ్చిన వాల్యూమ్ కీలే. అది బ్లాక్ అయిన రోజు మీ లైఫ్‌టైమ్ అయిపోతుంది.

చాలామంది చూడని షరతు ఇంకొకటుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చే ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్, మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్, ఫ్యామిలీ... ఇవి ఇంటి వాడకానికే. డబ్బులు తీసుకుని పని చేసే షాపుకి బిజినెస్ ప్లాన్ గానీ, హోమ్ అండ్ బిజినెస్ డబ్బా గానీ ఉండాలి. ఫ్రీలాన్సింగ్ చేసే మన కుర్రాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోండి.

పాత ప్లాన్ల సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి. మైక్రోసాఫ్ట్ చందాలో కోపైలట్ ఏఐని కలిపి ధర పెంచినప్పుడు, అది లేని క్లాసిక్ ప్లాన్ కూడా ఉందని సరిగ్గా చెప్పలేదంటూ ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ 2025 అక్టోబర్‌లో కోర్టుకెక్కింది. దాదాపు 27 లక్షల మంది ఖాతాదారులకి సంబంధించిన కేసు అది. కాబట్టి రెన్యువల్ మెసేజ్ రాగానే ఓకే నొక్కకుండా మిగతా ఆప్షన్లు ఏమున్నాయో చూడండి.

మరి దారేంటి?

అన్న షాపులో చివరికి ఇలా సర్దాం.

సబ్‌స్క్రిప్షన్ ఆఫీస్ 2010కి హక్కు ఇవ్వదు. కానీ అన్న అప్పట్లో డబ్బులు పెట్టి కొన్న డబ్బా లైసెన్స్ ఎక్కడికీ పోలేదు. కాబట్టి పాత మెషీన్‌లో పాత ఆఫీస్ వాడటం నూటికి నూరుపాళ్లు లీగల్. దాన్ని అక్కడే ఉంచాం. నెట్ కేబుల్ పీకేశాం. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు దానికి గుచ్చొద్దని పైన చీటీ అంటించాం. బయటి నుంచి వచ్చే ఫైల్ ముందు కొత్త ల్యాప్‌టాప్‌లో స్కాన్ అవ్వాలి. పాత మెషీన్ ఇప్పుడు పాత సమీకరణాలు, అను మేటర్ దిద్దడానికే.

కొత్త ల్యాప్‌టాప్‌లో బిజినెస్ ప్లాన్. మైక్రోసాఫ్ట్ 365లో ఇప్పుడు పాత సమీకరణాలని కొత్త పద్ధతిలోకి మార్చే వీలు వచ్చింది. అన్నీ అచ్చుగుద్దినట్టు మారతాయని నమ్మి వదిలేయకూడదు, మార్చిన ప్రతి పేపర్‌నీ పాత ప్రింటుతో పోల్చుకోవాలి. మ్యాథ్‌టైప్ అనే సాఫ్ట్‌వేర్‌తో కూడా దిద్దొచ్చు, కానీ అదీ చందానే. డబ్బులు వద్దనుకునేవాళ్లకి లిబ్రేఆఫీస్ ఉంది. ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు, పాత వెర్షన్ వేసుకున్నా ఎవరూ అడగరు. పాత డాక్ ఫైళ్లు తెరుస్తుంది, పేజీ సెట్టింగ్ అక్కడక్కడా జరగొచ్చు. పది ఫైళ్లతో పరీక్షించి చూసుకోండి.

తెలుగు మేటర్ విషయంలో ఒకటే నియమం పెట్టుకున్నాం. కొత్తగా టైప్ చేసేదంతా యూనికోడ్‌లో. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాత అను ఫైళ్లని కన్వర్టర్‌తో మార్చి ఒత్తులు, సున్నాలు ఒకసారి కళ్లతో చూసుకోవాలి. ఫైనల్ అయిన ప్రతిదానికీ పీడీఎఫ్ కాపీ పక్కన ఉండాలి. వర్డ్ ఏ వెర్షనైనా, చందా ఉన్నా లేకపోయినా, ఫోన్‌లో కూడా పీడీఎఫ్ తెరుచుకుంటుంది.

“ఇంత పనా? ఎప్పుడు అయితదిది?” అన్నాడు అన్న లెక్క చూసి. రోజుకి ఐదు పేపర్లు మార్చినా ఏడాది దాటుతుంది. అందుకే అన్నీ మార్చొద్దన్నాను. ఏ కోచింగ్ సెంటర్ ఏ పేపర్ మళ్లీ అడుగుతుందో అన్నకి తెలుసు. ముందు అవే. మిగతావి ఎవరైనా అడిగిన రోజు. పాత హార్డ్‌డిస్క్ కాపీ ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో.

సాఫ్ట్‌వేర్‌ని అద్దెకి తీసుకోవడంలో తప్పేం లేదు. రోజూ పాఠాలు చదివే యాప్‌కీ, సినిమాలు చూసే ఓటీటీకీ మనం కడుతున్నది అద్దెనే. కానీ అద్దింట్లో ఉన్నా సామాను మాత్రం మనదే కదా. ఏళ్ల తరబడి చేసిన పని, రాసిన ఫైళ్లు ఆ సామాను. ఇల్లు ఎప్పుడు మారాల్సి వచ్చినా ఆటోలో వేసుకుని బయల్దేరేలా వాటిని కట్టిపెట్టుకోవాలి. ఈ ఆదివారం కాస్త టైం ఉంటే, మీ ఇంట్లో ఉన్న అతి పాత ఫైల్ ఒకటి తెరిచి చూడండి. తెరుచుకుంటే వెంటనే ఒక పీడీఎఫ్ తీసిపెట్టుకోండి. తెరుచుకోకపోతే, దాన్ని తెరిచే కంప్యూటర్ ఎవరి దగ్గరైనా బతికుండగానే వెతుక్కోండి.